పాత మిల్లుకు వెల కట్టేదెలా?

మూతబడిన కర్మాగారాలను పడగొట్టకుండా వేరే పనులకు వాడుకుంటే ఊరికి ఆర్థికంగా కలిసివస్తుందని గత సంచికలో రాసిన వ్యాసానికి ఊహించినదానికంటే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. మెచ్చుకున్నవారి కన్నా నిలదీసినవారే ఎక్కువ కనుక ఆ ఉత్తరాలనే ముందుగా తీసుకుంటున్నాను. ఒకే సందేహాన్ని వెలిబుచ్చిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా కుదించాను.

ప్రశ్న: ఆజంజాహి మిల్లు సైరన్ విని బడికి బయలుదేరిన తరం మాది. ఆ మిల్లు పోయినందుకు మాకు బాధగానే ఉంది. అయితే ఆ బాధకూ ఆర్థిక విలువకూ సంబంధమేమిటి? మూతబడిన మిల్లు గోడలకు నిజంగానే విలువ ఉంటే వాటిని ఎందుకు పడగొడతారు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: అసలు చిక్కు మీ చివరి ప్రశ్నలోనే ఉంది. యజమాని వేసుకునే లెక్కలో పాత కట్టడం ఆస్తి కాదు, అడ్డు. స్థలం ధర, యంత్రాలనూ ఇనుప స్తంభాలనూ తుక్కు కింద అమ్మితే వచ్చే సొమ్ము ఒక పక్కన, బ్యాంకు అప్పులు, కార్మికుల జీతాల బకాయిలు, గ్రాట్యుటీ మరో పక్కన పెట్టుకుని చూసేవారికి ఖాళీ స్థలమే మేలనిపిస్తుంది. కట్టడంతో సహా కొనేవాడు పడగొట్టే ఖర్చును ముందే తగ్గించుకుని బేరమాడతాడు. 1934లో నిజాం పాలనలో ఏర్పడి, ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్ళి, మూతబడిన ఆజంజాహి మిల్లు స్థలం చివరకు ప్లాట్లుగా మారడం ఈ లెక్క ప్రకారం జరిగిందే. దాన్ని తప్పు లెక్క అనలేము. అందులో ఊరికి చోటు లేదు, అంతే.

ఊరి లెక్క ఎలా ఉంటుందో చూడడానికి లండన్ ఉదాహరణ ఒకటి చెబుతాను. థేమ్స్ నది ఒడ్డున బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రం 1981లో ఆగిపోయింది. 99 మీటర్ల పొగగొట్టంతో, ఇటుకల కొండలా ఉన్న ఆ కట్టడాన్ని దాదాపు 13 కోట్ల 40 లక్షల పౌండ్ల ఖర్చుతో ఆర్ట్ గ్యాలరీగా మార్చి, 2000 మే నెలలో టేట్ మోడర్న్ పేరుతో తెరిచారు. ఏడాదికి 20 లక్షల మంది వస్తారని అంచనా వేసుకుంటే మొదటి ఏడాదే 50 లక్షల మందికి పైగా వచ్చారు. గ్యాలరీలో శాశ్వత ప్రదర్శన చూడడానికి టిక్కెట్టు లేదు కనుక ఆ జనం వల్ల పుట్టిన ఆదాయంలో పెద్ద భాగం గ్యాలరీ పద్దులో కనిపించదు. అది చుట్టుపక్కల హోటళ్ళలో, దుకాణాల అద్దెల్లో, ఫ్లాట్ల ధరల్లో కనిపిస్తుంది. ఒకప్పుడు గోదాములు, ఖాళీ స్థలాలు ఉన్న ఆ పేటలో తర్వాత లేచిన ఖరీదైన ఫ్లాట్ల వాసులు కొందరు, గ్యాలరీ పైఅంతస్తు నుంచి జనం తమ ఇళ్ళలోకి చూస్తున్నారని కోర్టుకెక్కి 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచారు. ఏ గొడుగు నీడన తమ ధర పెరిగిందో ఆ గొడుగునే కాస్త పక్కకు జరపమన్నారన్నమాట.

పాత కట్టడం సృష్టించే విలువలో ఎక్కువ భాగం దాని ప్రహరీ గోడకు అవతల పుడుతుంది. గోడ లోపలి యజమానికి అందులో వాటా రాదు కనుక అతడు దాన్ని లెక్కలోకి తీసుకోడు, పడగొడతాడు. వాటా వచ్చే మార్గం చూపిస్తే మాత్రం అతడే కాపాడుతాడు. ఇక్కడ అచ్చయిన మిగతా జవాబులన్నీ ఏదో ఒక రూపంలో ఈ వాటా గురించే.

గోడ లోపల ఉన్న విలువ కూడా తీసిపారేయదగింది కాదు. వందల మగ్గాల బరువునూ అదురునూ మోయడానికి కట్టిన నేల మీద గ్రంథాలయమో కార్యాలయమో నిశ్చింతగా నడుస్తుంది. అంత ఎత్తు కప్పు, అంత వెలుతురు ఈనాటి ధరలకు ఎవరూ కట్టించుకోలేరు. పైగా కొత్త కట్టడం ఖర్చులో సిమెంటుకూ ఉక్కుకూ పెట్టేది ఎక్కడెక్కడికో పోతే, మరమ్మతు ఖర్చులో తాపీ మేస్త్రీలకూ వడ్రంగులకూ దక్కే పాలు ఎక్కువ. ఆ డబ్బు ఊళ్ళోనే తిరుగుతుంది. అయినా ప్రభుత్వాల పన్నులు చాలాచోట్ల దీనికి ఎదురే నడుస్తాయి. బ్రిటన్‌లో కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా. పాత కట్టడానికి మామూలు మరమ్మతులు చేయిస్తే 20 శాతం.

ప్రశ్న: మా దగ్గర భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతబడుతున్నాయి. జర్మనీలో రూర్ ప్రాంతం పాత బొగ్గు గనులను మ్యూజియాలు చేసి నిలదొక్కుకుందని రాశారు. మ్యూజియం టిక్కెట్లతో బొగ్గుబాయి జీతాలు వస్తాయా?
— సింగరేణి ఉద్యోగి, కొత్తగూడెం

జవాబు: రావు. 1950ల చివర్లో రూర్ బొగ్గు గనుల్లో దాదాపు 5 లక్షల మంది పనిచేసేవారు. చివరి గని ప్రాస్పర్-హానియల్ 2018 డిసెంబరు 21న మూతబడింది. అన్ని ఉద్యోగాలను ఏ మ్యూజియమూ తిరిగి ఇవ్వలేదు, ఇవ్వగలదని అక్కడివారు అనుకోనూ లేదు. నిరుద్యోగం విషయంలో ఆ ప్రాంతం ఈనాటికీ జర్మనీ సగటు కన్నా వెనుకబడే ఉంది. నా వ్యాసంలో ఈ మాట గట్టిగా చెప్పవలసింది, చెప్పలేదు.

మరి వారు సాధించినదేమిటంటే, స్థలాన్ని చేజారనివ్వకపోవడం, తొందరపడకపోవడం. కంపెనీలు వదిలేసిన భూములను ఎవరూ కొనని రోజుల్లో, 1980 ప్రాంతంలోనే, నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్ర ప్రభుత్వం ఒక భూనిధిని ఏర్పాటుచేసి వాటిని తానే కొనడం మొదలుపెట్టింది. ఎసెన్ నగరంలోని జోల్‌వెరైన్ గని 1986 డిసెంబరులో మూతబడినప్పుడు, 1932లో తెరిచిన 12వ నంబరు షాఫ్టును (గనిలోకి దిగే బావిని), దాని 55 మీటర్ల ఎత్తు లిఫ్టు టవరును పడగొట్టకుండా ఆ స్థలాన్ని ప్రభుత్వమే తీసుకుంది. దానితో ఏంచేయాలో అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. ముందు కప్పులు కారకుండా చూశారు, తుప్పు ఆపారు, చిన్న చిన్న పనులకు అద్దెకిచ్చారు. 1997లో బాయిలర్ హౌస్‌లోకి డిజైన్ మ్యూజియం వచ్చింది. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. 2010లో బొగ్గు కడిగే ప్లాంటులో రూర్ మ్యూజియం తెరుచుకుంది. ఆ తర్వాత డిజైన్ విద్యాసంస్థ, కార్యాలయాలు, హోటలు వచ్చాయి. ఇప్పుడు ఏటా సుమారు 15 లక్షల మంది చూడవస్తున్నారు. లెక్కపెట్టి చూడండి: మూతబడిన నాటి నుంచి ఇక్కడికి రావడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది. ఐదేళ్ళలో లాభం చూపించమని అడిగి ఉంటే అది ఈపాటికి తుక్కై పోయేది.

పక్కనే డూయిస్‌బర్గ్‌లో 1985లో ఆగిపోయిన ఇనుము కర్మాగారం కథ నాకు ఇంకా ఇష్టం. పీటర్ లాట్జ్ అనే రూపకర్త అక్కడ దాదాపు 180 హెక్టార్ల పార్కును తయారుచేస్తూ బ్లాస్ట్ ఫర్నేసులను కదిలించలేదు. ముడి ఖనిజం పోసే బంకర్ల గోడలు కొండలెక్కే సాధన చేసేవారికి పనికొచ్చాయి. పాత గ్యాస్ ట్యాంకును నీళ్ళతో నింపి డైవింగ్ శిక్షణకు ఇచ్చారు. ఆ గోడలను కొండలెక్కేవారి సంఘం, ఆ ట్యాంకును డైవింగ్ చేసేవారు తమవిగా చూసుకుంటున్నారు కనుక, అంత పెద్ద స్థలం నిర్వహణ భారం ఒక్క ఖజానా మీదే పడడం లేదు. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేయడానికి 1989 నుంచి 1999 వరకు పదేళ్ళపాటు ఎమ్‌షర్ పార్కు పేరుతో ఒక కార్యక్రమం నడిచింది. పదేళ్ళు నిండగానే దాన్ని ముగించారు కూడా. మనవాళ్ళు నేర్చుకోవలసిన విషయాల్లో ఈ ముగించడం ఒకటని నా అభిప్రాయం.

అయితే రూర్ నుంచి మీకు అందవలసిన అసలు హెచ్చరిక వేరు. గనుల కారణంగా అక్కడ కొన్నిచోట్ల నేల 20 మీటర్లకు పైగా కుంగింది. పంపులు ఆపితే ఊళ్ళలోకి నీళ్ళొస్తాయి. ఆ పంపులు ఎప్పటికీ నడుస్తూనే ఉండాలి. ఆ శాశ్వత పనుల ఖర్చు ఏటా 20 కోట్ల యూరోలకు పైమాటే. దాన్ని భరించడానికి 2007లో ప్రత్యేకంగా ఒక ఫౌండేషన్‌నే పెట్టుకున్నారు. మన దేశంలో కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో గని మూసివేతకు మార్గదర్శకాలు ఇస్తూ, అప్పటి ధరల ప్రకారం ఓపెన్‌కాస్టు గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి హెక్టారుకు లక్ష రూపాయలు లెక్కగట్టి ఎస్క్రో ఖాతాలో (ఆ పనికే తప్ప తీయడానికి వీల్లేని ఖాతాలో) జమచేయాలని నిర్దేశించింది. ఆ సొమ్ము ఉద్దేశం ప్రధానంగా గుంతలు పూడ్చడం, నేల చదును చేయడం, మొక్కలు నాటడం వంటివే. లిఫ్టు టవర్లనూ వర్క్‌షాపులనూ ఏంచేయాలన్న ఆలోచన మూసివేత ప్రణాళిక రాసేటప్పుడే జరగాలి. గని మూతబడ్డాక తుక్కు వేలం నోటీసు పడిన నాడు ఆలోచిస్తే అప్పటికే ఆలస్యం అయినట్టు.

ఇప్పుడు సింగరేణి ఉత్పత్తిలో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుదే కనుక మీకు రూర్ కంటే తూర్పు జర్మనీలోని లుసాటియా దగ్గరి పోలిక. అక్కడ లిగ్నైట్ అనే గోధుమరంగు బొగ్గు తవ్విన గోతులను నీళ్ళతో నింపి సరస్సులుగా మార్చారు. ఏడాదికి కొంచెం పైగా మాత్రమే పనిచేసి ఆగిపోయిన ఎఫ్-60 అనే 500 మీటర్ల పొడవైన కన్వేయర్ వంతెనను తుక్కుకు అమ్మకుండా జనం ఎక్కి చూడడానికి నిలబెట్టుకున్నారు. మన గోతుల్లోనూ నీరు చేరుతుంది. ఒడ్డు గట్టిదా కాదా, ఆ నీటిలో చేపలు బతుకుతాయా అన్నవి తేలిన తర్వాతే పడవల మాట.

ప్రశ్న: మా నాన్నగారు కరీంనగర్ జిల్లా నుంచి ముంబయి వెళ్ళి మిల్లులో మగ్గం నడిపారు. 1982 సమ్మె తర్వాత మళ్ళీ పనిలోకి వెళ్ళలేదు. ఇప్పుడు లోయర్ పరేల్‌లో ఆ మిల్లుల స్థలంలో మాల్స్, టవర్లు ఉన్నాయి. మిల్లు స్థలాన్ని మళ్ళీ వాడుకోవడం అంటే ఇదేనా? మాకేం దక్కింది?
— పాఠకుడు, భివండి

జవాబు: స్థలాన్ని వాడుకోవడం వేరు, కట్టడాన్ని వాడుకోవడం వేరు. ముంబయిలో జరిగింది ఎక్కువగా మొదటిది. దత్తా సామంత్ నాయకత్వంలో 1982 జనవరిలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. వారిలో మీ నాన్నగారిలాంటి తెలంగాణ పద్మశాలీలు వేల సంఖ్యలో ఉన్నారు. ఆ తర్వాత మిల్లులు పడిపోతూ వచ్చాక, 1991లో మహారాష్ట్ర ప్రభుత్వం 58వ అభివృద్ధి నియంత్రణ నిబంధన తెచ్చింది. మిల్లు స్థలాన్ని కొత్తగా కట్టుకోదలచిన యజమాని మూడింట ఒక వంతు నగరానికి ఖాళీ స్థలంగా, ఒక వంతు ప్రజా గృహనిర్మాణానికి ఇచ్చి, మిగిలిన వంతును తాను ఉంచుకోవాలన్నది దాని సారం. ఉన్న కట్టడాన్ని పడగొట్టకుండా వాడుకుంటే ఈ వాటాలు ఇవ్వనక్కరలేదు. కాగితం మీద ఇది తెలివైన నిబంధనే.

2001లో దాన్ని సవరించి, పంచవలసినది మిల్లులో కట్టడాలు లేని ఖాళీ జాగాను మాత్రమేనని తేల్చారు. మిల్లుల్లో ఖాళీ జాగా ఎంత ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. షెడ్లు పడగొట్టగా వచ్చిన నేలంతా యజమానిదే అయింది. నగరానికీ పేదల ఇళ్ళకూ రావలసిన వాటా బాగా తగ్గిపోయింది. బొంబాయి హైకోర్టు 2005లో ఆ సవరణకు అడ్డుకట్ట వేసినా, 2006 మార్చిలో సుప్రీంకోర్టు సవరణనే నిలబెట్టింది. పాత కట్టడాన్ని పడగొట్టినవారికే లాభం కలిగేలా చట్టం రాసుకుని, ఇన్ని పొగగొట్టాలు పోయాయేమని ఆశ్చర్యపోవడంలో అర్థం లేదు. ఫీనిక్స్ మిల్లు పొగగొట్టం మాల్ ఆవరణలో ఇంకా నిలబడి ఉంది, అది గుర్తుగా.

ఎంత విలువ చేతులు మారిందో ఒక్క లావాదేవీ చెబుతుంది. నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ 2005లో లోయర్ పరేల్‌లోని ముంబయి టెక్స్‌టైల్ మిల్లును, సుమారు 17 ఎకరాలను, డీఎల్ఎఫ్ సంస్థకు 702 కోట్ల రూపాయలకు అమ్మింది. ఏడేళ్ళ తర్వాత అదే స్థలం లోధా సంస్థకు 2,700 కోట్ల పైచిలుకుకు అమ్ముడైంది. ఈ పెరుగుదల ఏ మగ్గం మీదా పుట్టలేదు, నగరం పెరగడం వల్ల పుట్టింది. ఆ కార్పొరేషన్ అమ్మకాల సొమ్ముతో స్వచ్ఛంద పదవీ విరమణ చెల్లింపులు జరిగిన మాట నిజం. మాజీ కార్మికులకు ఇళ్ళు కేటాయించే లాటరీలు 2012 నుంచి మొదలైన మాటా నిజం. అయితే దరఖాస్తులు లక్షకు పైగా, ఇళ్ళు వేలల్లో. మీ నాన్నగారి పేరిట దరఖాస్తు ఉంటే వారసులుగా మీ పత్రాల పరిశీలన ఏ దశలో ఉందో మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా కార్యాలయంలో తప్పక కనుక్కోండి.

నా అభిప్రాయం అడిగితే, కట్టడాన్ని కాపాడాలన్న వారూ కార్మికుల బకాయిల కోసం పోరాడే వారూ ముంబయిలో వేర్వేరు గుంపులుగా మిగిలిపోవడం పెద్ద నష్టం. స్థలం అమ్మితే తప్ప బకాయి రాదనుకున్న కార్మికుడికి వారసత్వం మాట ఎగతాళిగా వినిపిస్తుంది. బకాయిల సంగతి ముందు తేల్చని ఏ పరిరక్షణ ప్రణాళికా మన దేశంలో నాలుగు రోజులు నిలవదు.

ప్రశ్న: మేము ఉండే చోటికి అరగంట దూరంలో డర్హమ్‌లో పాత సిగరెట్ ఫ్యాక్టరీ ఆఫీసులతో, హోటళ్ళతో కళకళలాడుతోంది. పిల్లలను తీసుకుని వెళ్ళినప్పుడల్లా మా గుంటూరు, చీరాల పొగాకు గోడౌన్లు గుర్తొస్తాయి. అక్కడ సాధ్యమైనది మన దగ్గర ఎందుకు కాదు?
— పాఠకురాలు, కేరీ, నార్త్ కరోలినా

జవాబు: మీరు చూసేది అమెరికన్ టొబాకో కంపెనీ వారి లక్కీ స్ట్రైక్ సిగరెట్లు తయారైన చోటు. 1987లో మూతబడి, దాదాపు 10 లక్షల చదరపు అడుగుల కట్టడాలతో ఊరి నడిబొడ్డున పాడుబడి ఉండేది. ఒక స్థానిక ప్రసార సంస్థ దాన్ని కొని బాగుచేయించగా 2004లో మొదటి దశ తెరుచుకుంది. దాని విజయంలో ఇటుక గోడల అందానికి ఉన్న పాత్ర కొంతే. నాకు కనిపించే కారణాలు మూడు.

పక్కనే బేస్‌బాల్ స్టేడియం అప్పటికే ఉండడం, డ్యూక్ విశ్వవిద్యాలయం వంటి పెద్ద సంస్థ ముందుగానే అద్దెకు ఒప్పుకోవడం మొదటిది. అద్దెదారు పేరు చూపిస్తేనే బ్యాంకు అప్పు పుట్టింది. నగరం, కౌంటీ కలిసి తమ సొమ్ముతో పార్కింగ్ కట్టడాలు కట్టించి ఇవ్వడం రెండోది. చుట్టుపక్కల పెరిగే ఆస్తి పన్నులో ఆ ఖర్చు తిరిగి రాబట్టుకోవచ్చన్నది వారి ఆలోచన. మొదటి జవాబులో చెప్పిన ప్రహరీ అవతలి విలువలో కొంత ఈ దారిన లోపలికి వచ్చింది. మూడోది ఫెడరల్ పన్ను రాయితీ. చారిత్రక కట్టడంగా ధ్రువీకరణ పొంది, ఆదాయం తెచ్చే భవనాన్ని నిబంధనల ప్రకారం బాగుచేయిస్తే, ఆ ఖర్చులో 20 శాతాన్ని యజమాని తాను కట్టవలసిన ఆదాయపు పన్నులోంచే మినహాయించుకోవచ్చు. 1976 చట్టంతో మొదలైన ఈ ప్రోత్సాహం 1986 నుంచి 20 శాతంగా ఉంది. 2017 చట్టం తర్వాత దాన్ని ఐదేళ్ళలో పంచుకుని వాడుకోవాలి.

మన దేశంలో భవన యజమానికి నేరుగా దక్కే ఇటువంటి పన్ను రాయితీ లేదు. మనకు దగ్గరలో ఉన్న సాధనం టీడీఆర్, అంటే నిర్మాణ హక్కుల బదిలీ, మాత్రమే. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవారికి పత్రం ఇచ్చినట్టే, కట్టడాన్ని కాపాడి అదనపు అంతస్తుల హక్కును వదులుకున్నవారికి ఆ హక్కును వేరేచోట అమ్ముకునే పత్రం ఇవ్వవచ్చు. ఆ పత్రం కొనేవాడు కావాలంటే ఊళ్ళో అంతస్తులకు గిరాకీ ఉండాలి. హైదరాబాదులో ఉన్నంత గిరాకీ చీరాలలో ఉండదు. అందుచేత అక్కడి గోడౌన్ల విషయంలో డర్హమ్ నమూనా కన్నా, పెద్ద ఖర్చు పెట్టకుండా చేనేత నిల్వలకో శీతల గిడ్డంగికో ఇవ్వడమే నిజమైన పునర్వినియోగం. ఫోటోల్లో అది అందంగా కనిపించదు.

ప్రశ్న: మా హేవ్‌లాక్ వంతెనను న్యూయార్క్ హైలైన్‌లా నడక దారిగా చేస్తే రాజమహేంద్రవరం ఆదాయం పెరుగుతుందా?
— కళాశాల విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: 1900లో తెరిచి 1997లో రైళ్ళు ఆపేసిన ఆ వంతెనను నిలుపుకోవాలన్న మీ కోరికతో నేను ఏకీభవిస్తాను. పోలికతో మాత్రం కాదు. పాత ఎత్తు రైలు దారిని పార్కుగా మార్చిన హైలైన్ కింద, పక్కన ఉన్నది న్యూయార్క్ నగరం నడుమ ఉన్న భూమి. 2005లోనే అక్కడి భూవినియోగ నిబంధనలు మార్చి, దారి కింద స్థలాలున్నవారు తమ నిర్మాణ హక్కులను పక్క స్థలాలకు అమ్ముకునే వీలు కల్పించారు. 2009లో పార్కు తెరిచేసరికి చుట్టూ కట్టేవారు సిద్ధంగా ఉన్నారు. మన వంతెన కింద, సుమారు 2.7 కిలోమీటర్ల పొడవునా, ఉన్నది గోదావరి. గోదావరికి ప్లాట్లు ఉండవు. ధర పెరగగలిగింది రెండు కొసల్లోనే. కనుక ఖర్చు తిరిగి వచ్చే మార్గం టిక్కెట్టులోనూ ఆ రెండు కొసల్లోనూ వెతకాలి. మధ్యలో ఎండకు నీడ, రెండు వైపులా మరుగుదొడ్లు లేకపోతే వచ్చినవారు రెండోసారి రారు. తుప్పు నుంచి ఉక్కును కాపాడే రంగు ఖర్చు ఏటేటా ఉంటుందన్నది కూడా మొదటి రోజునే బడ్జెట్టులో రాసుకోవాలి.

ప్రశ్న: నిజాం షుగర్స్ బోధన్ ఫ్యాక్టరీ తెరవాలని ఏళ్ళుగా అడుగుతున్నాం. మీలాంటివారు మ్యూజియం, పార్కు అంటూ ఉంటే ఆ డిమాండు పక్కదారి పట్టదా?
— చెరకు రైతు, బోధన్ మండలం

జవాబు: పట్టే ప్రమాదం ఉంది, మీ అనుమానం న్యాయమైనదే. 1937లో ఏర్పడి, ఒకనాడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడి, 2015 డిసెంబరులో మూతబడిన ఆ ఫ్యాక్టరీ విలువ దాని గోడల్లో లేదు, చుట్టూ పండే చెరకులో ఉంది. చెరకు కోసిన తర్వాత గంటలు గడిచేకొద్దీ అందులో చక్కెర తగ్గుతుంది కనుక ఫ్యాక్టరీ పొలానికి దగ్గరలో ఉండడమే ఆ కట్టడానికి ఉన్న అసలు ఆర్థిక అర్థం. కొత్త యంత్రాలు పెట్టి క్రషింగ్ మొదలుపెట్టగలిగితే అంతకు మించిన పునర్వినియోగం లేదు. ఇన్నేళ్ళు ఆగిన పాత యంత్రాలతో అది సాధ్యమా అన్నది ఇంజనీర్లు తేల్చవలసిన మాట. అయితే చెరకు వేయడం మానేసిన రైతు మళ్ళీ వేయాలంటే మొదటి ఏడాదే బిల్లు చేతికి వస్తుందన్న నమ్మకం కావాలి. ఎంత బాగుచేసినా యంత్రం ఆ నమ్మకాన్ని ఇవ్వలేదు. పెద్ద నగరానికి దూరంగా ఉన్న చోట మాల్స్, ఆఫీసుల కలలు అమ్మేవారు వస్తే అద్దెదారు ఎవరని ముందు అడగండి.

ప్రశ్న: హైదరాబాదులో ఇలాంటి పునర్వినియోగానికి చూడదగిన ఉదాహరణ ఉందా?
— ఆర్కిటెక్చర్ విద్యార్థిని, హైదరాబాదు

జవాబు: సైఫాబాదు టంకశాల. 1903లో మొదలై, 1997లో నాణేల తయారీ చర్లపల్లికి తరలిపోయిన తర్వాత చాలాకాలం మూగగా ఉండి, 2022 జూన్‌లో మ్యూజియంగా తెరుచుకుంది. వెళ్ళి చూడండి. యంత్రాలను ఉన్నచోటనే చూడడం పుస్తకంలో దొరకదు. దానికి ఎదురు ఉదాహరణ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉండిన నిజాం కాలపు థర్మల్ విద్యుత్ కేంద్రం. 1995లో దాన్ని పడగొట్టారు. బ్యాంక్‌సైడ్‌ను మార్చడానికి లండన్‌లో నమూనాలు గీస్తున్న ఏడే అది. సాగరానికి ఎదురుగా అలాంటి ఎత్తు హాలు ఈరోజు మనకు ఉండి ఉంటే దానితో ఏంచేసేవారమో మీరే ఒక ప్రాజెక్టుగా గీసి చూడండి.

ప్రశ్న: తణుకు దగ్గర మా తాతగారు కట్టించిన రైస్ మిల్లు ఇరవై ఏళ్ళుగా మూతబడి ఉంది. గోడలు డంగు సున్నంతో కట్టినవి. పైన టేకు దూలాలు, పెంకులు. తర్వాత వేసిన షెడ్డుకు ఆస్‌బెస్టాస్ రేకులు. ఒక్క దూలాలకే మంచి బేరం వచ్చింది. అమ్మేద్దామని తమ్ముళ్ళు, ఫంక్షన్ హాలు చేద్దామని మా అబ్బాయి. మీరేమంటారు?
— పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఇద్దరి మాటా ఇప్పుడే వినకండి. దూలాలు తీస్తే పెంకులు దిగుతాయి, పెంకులు దిగితే రెండు వానాకాలాల్లో సున్నపు గోడలు నానిపోతాయి, ఆపైన మీ చేతిలో మిగిలేది ఖాళీ స్థలమే. కనుక దూలాల బేరం నిజానికి మిల్లంతటికీ బేరం. ఆ ధరను దూలాల ధరతో కాదు, మిల్లు ధరతో పోల్చి చూసుకోండి.

ఫంక్షన్ హాలుకు వస్తే, మొదటి రోజునే కోటి రూపాయలు పెట్టి ఆ అప్పుకు వడ్డీ కట్టే స్థితి తెచ్చుకోవద్దు. ఇంగ్లండులోని సాల్టెయిర్‌లో 1853లో తెరిచి 1986లో మూతబడిన భారీ ఉన్ని మిల్లును మరుసటి ఏడాది జొనాథన్ సిల్వర్ అనే వ్యాపారి కొన్నాడు. మొత్తాన్ని ఒకేసారి బాగుచేయించలేదు. ఒక మూల చిత్రాల ప్రదర్శనశాల పెట్టి, ఇంకో భాగాన్ని ఎలక్ట్రానిక్స్ కంపెనీకి అద్దెకిచ్చి, వచ్చినదాన్ని మళ్ళీ మిల్లులోనే పెడుతూ నడిపాడు. మీకు ధాన్యం ఆరబోసే గచ్చు ఉండే ఉంటుంది. రెండు మూడేళ్ళు దాన్ని పెళ్ళి భోజనాలకు, ట్రాక్టర్ల షోలకు రోజువారీ అద్దెకివ్వండి. మిల్లు హాలులో ఒక భాగాన్ని గోడౌనుగా ఇవ్వండి. ఆ వచ్చే అద్దెతో ముందు పెంకులు సవరించి, నీళ్ళు దిగకుండా చూసుకోండి. జనం నిజంగా వస్తున్నారో లేదో తేలుతుంది, అన్నదమ్ముల మధ్య వాటాల సంగతి కాగితం మీద పెట్టుకోవడానికి సమయమూ దొరుకుతుంది.

జనాన్ని లోపలికి పిలిచే ముందు రెండు విషయాల్లో రాజీపడవద్దు. 2017 డిసెంబరులో ముంబయి కమలా మిల్స్ ఆవరణలోని రెస్టారెంట్లలో మంటలు లేచి 14 మంది చనిపోయారు. మిల్లు ఆవరణను జనం గుమిగూడే చోటుగా మార్చినప్పుడు బయటికి దారులు, వైరింగు, వంటశాల ఎక్కడుండాలన్నవి కొత్తగా ఆలోచించాలి. టేకు కప్పు కింద గ్యాస్ పొయ్యిలు పెట్టవద్దు, వంట బయటి గచ్చు మీదనే జరగాలి, అగ్నిమాపక శాఖ అనుమతి లేకుండా ఒక్క ముహూర్తానికి కూడా ఒప్పుకోవద్దు. రెండోది ఆస్‌బెస్టాస్ రేకులు. వాటిని సుత్తితో కొట్టి దించితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హాని. నీళ్ళతో తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దించమని చెప్పండి. పనివాళ్ళకు మంచి మాస్కులు మీరే కొనివ్వండి.

స్ట్రక్చరల్ ఇంజనీరును ఒకసారి పిలిపించి, దూలాలకు చెద పట్టిందేమో, గోడల పునాది ఎలా ఉందో చూపించండి. చెద లోపలి దాకా వెళ్ళిందని తేలితే మీ తమ్ముళ్ళ మాటే వినండి.